పగిలిన పైపు తాగే నీళ్ళెన్ని?



చెరువు కట్టకు బుంగ పడిందంటే ఊరు ఊరంతా కదులుతుంది. పలుగు, పార, తట్ట, గడ్డిమోపు, ఎవరి చేతికి ఏది దొరికితే అది పట్టుకొని పరుగెత్తుకొస్తారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద తరతరాలుగా సేద్యం చేసిన మన వరంగల్ సీమ రైతుకు నీరు వృథా కావడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. మోట కొట్టిన కాలంలో కూడా అంతే. మోట తొండానికి చిరుగు పడితే ఎద్దులు అలసిపోయేవి గాని మడి నిండేది కాదు. అది చూసిన రైతు ఆ పూటే తొండానికి మాటు వేయించుకొనేవాడు.

మరి ఈనాడు? నీరు కాలువలో కాక పైపులో పోతున్నది. ఆ పైపు భూమిలో ఉన్నది. దానికి పగులు పడితే చూసేవారు లేరు, పరుగెత్తుకొచ్చేవారు లేరు. బోరు దగ్గర మోటారు ఎప్పటిలాగే మోగుతున్నది, స్టార్టరు దీపం వెలుగుతున్నది. కొసకు ఉన్న మిరప సాళ్ళు మాత్రం వాడిపోతున్నవి. అప్పుడు మనవారు అనే మాట ఏమిటి? "బోరు దగ్గిపోయిందయ్యా, ఇంకో బోరు వెయ్యాలె." కొత్త బోరుకు అప్పు చేసే ముందు, ఉన్న బోరు పోసే నీళ్ళలో ఎన్ని చేనుకు చేరుతున్నవి, ఎన్ని దారిలో పోతున్నవి అన్న లెక్క ఒకటి వేసుకోవడం మంచిది. ఆ లెక్క కష్టమైనది కాదు. గుణకారం వచ్చిన పిల్లవాడు కూడా చేయగలడు. ఆ విధానమే ఈనాడు మీకు విన్నవిస్తాను.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. "కారిన నీళ్ళు మళ్ళీ భూమిలోకే పోతున్నవి గదా, నష్టమేమిటి?" అని కొందరు అడుగుతారు. నిజమే, కొంత నీరు దిగుతుంది. చల్క నేలల్లో మరికాస్త ఎక్కువగా దిగుతుంది. అయితే మన ప్రాంతాన భూమి అడుగున ఉన్నది చాలావరకు గ్రానైటు జాతి గట్టి రాయి. పైనున్న మెత్తబడిన పొరలోను, రాతి చీలికలలోను మాత్రమే నీరు నిలుస్తుంది. మీ పైపు దగ్గర ఇంకిన నీరు మీ బోరుకున్న చీలికలోకే వస్తుందన్న హామీ లేదు. కొంత ఎండకు ఆరిపోతుంది, కొంత తుంగకు, గరికకు పోతుంది. పైగా ఆ నీటిని వందల అడుగుల లోతు నుండి ఎత్తడానికి పెట్టిన కరెంటు, మోటారు తిరిగిన గంటలు తిరిగి రావు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలైంది. బిల్లు రాదు కాబట్టి నష్టం కాగితం మీద కనబడదు. అది కనబడేది శివరాత్రి దాటిన తరువాత, యాసంగి పంట గింజ పట్టే వేళ, బోరు గాలి పోసినప్పుడు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పైపులోనుండి కారే నీరు మూడు సంగతులపైన ఆధారపడి ఉంటుంది. ఒకటి, రంధ్రం ఎంత పెద్దది. రెండు, పైపులో ఒత్తిడి ఎంత. మూడు, మోటారు ఎన్ని గంటలు నడుస్తుంది. మొదటి రెండూ తెలిస్తే గంటకు పోయే నీరు తెలుస్తుంది. దానిని మూడవదానితో గుణిస్తే రోజు నష్టం తెలుస్తుంది.

ఒత్తిడి అంటే ఏమిటి? 10 మీటర్ల ఎత్తున నీటి తొట్టి ఉంటే, కింద ఉన్న పైపులో ప్రతి చదరపు సెంటీమీటరు పైన సుమారు 1 కిలో బరువు పడుతుంది. దీనినే మనం కిలో ఒత్తిడి అంటాం. ప్రెషర్ గేజి ముల్లు 1 దగ్గర ఉంటే 10 మీటర్ల ఎత్తు నీళ్ళు, 2 దగ్గర ఉంటే 20 మీటర్ల ఎత్తు నీళ్ళు అని గుర్తు పెట్టుకోండి. డ్రిప్పు వేసినవారికి ఫిల్టరు దగ్గర ఈ గేజి ఉండనే ఉంటుంది. లేనివారు కొనుక్కొని పైపుకు బిగించుకుంటే ఆ ఖర్చు వృథా పోదు.

ఒత్తిడిలో ఉన్న నీరు చిల్లిలోనుండి ఎంత వేగంతో వస్తుందన్న సూత్రాన్ని ఇటలీ దేశస్థుడు టారిచెల్లి 1644లో ప్రకటించాడు. అంత ఎత్తు నుండి రాయి జారిపడితే నేలకు తగిలేటప్పుడు దానికి ఎంత వేగం ఉంటుందో, చిల్లిలోనుండి వచ్చే నీటికీ అంతే వేగం ఉంటుంది. 10 మీటర్ల ఎత్తుకు ఆ వేగం సెకనుకు 14 మీటర్లు. అయితే చిల్లి దాటిన వెంటనే ధార కొంచెం సన్నబడుతుంది. చిల్లి వైశాల్యంలో పదింట ఆరు వంతుల మేరకే నీరు వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు.

ఇవన్నీ గుణించి చూస్తే మన చేతికి ఒక సులువైన సూత్రం వస్తుంది. దీనిని గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి. కిలో ఒత్తిడిలో, ఒక చదరపు మిల్లీమీటరు రంధ్రంలోనుండి నిమిషానికి అర లీటరు, గంటకు 30 లీటర్ల నీరు పోతుంది. ఇదే ఈనాటి ప్రసంగానికి మూలం. మిగతాదంతా దీని వివరణే.

గుండ్రని చిల్లుల సంగతి మొదట చూద్దాం. అడ్డకొలత 1 మిల్లీమీటరు ఉన్న చిల్లి వైశాల్యం ముప్పాతిక చదరపు మిల్లీమీటరుకు కాస్త పైన. గంటకు 24 లీటర్లు పోతుంది. 2 మిల్లీమీటర్ల చిల్లి అయితే 94 లీటర్లు, 3 మిల్లీమీటర్లదైతే 212 లీటర్లు, 5 మిల్లీమీటర్లదైతే 590 లీటర్లు. ఇక్కడ గమనించవలసినది ఒకటి కలదు. చిల్లి అడ్డకొలత రెండింతలైతే నీళ్ళు రెండింతలు కావు, నాలుగింతలవుతవి. 5 మిల్లీమీటర్ల చిల్లి రెట్టింపై 10 మిల్లీమీటర్లయితే గంటకు 2,350 లీటర్లు దాటిపోతుంది.

ఇక పగులు. పగులు వైశాల్యం కట్టడం ఇంకా సులభం. పొడుగును వెడల్పుతో గుణించాలి, అంతే. నాలుగంగుళాల పొడుగు పగులు ఉన్నదనుకుందాం, అంటే సుమారు 100 మిల్లీమీటర్లు. వెడల్పు అర మిల్లీమీటరు. గుణిస్తే 50 చదరపు మిల్లీమీటర్లు. దానిని 30తో గుణిస్తే గంటకు 1,500 లీటర్లు! చూడబోతే అది కత్తితో గీసిన గీతలాగా ఉంటుంది. "ఈ గీతలోనుండి ఏం పోతుందిలే" అనిపిస్తుంది.

ఈ 1,500 లీటర్లంటే ఎంతో మన చేను భాషలో చెప్పుకుందాం. గంటకు 2 లీటర్లు పోసే డ్రిప్పర్లు 750 పోసే నీళ్ళు అవి. 40 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పరు చొప్పున 750 డ్రిప్పర్లంటే 300 మీటర్ల లేటరల్ పైపు. 100 మీటర్ల మిరప సాళ్ళు మూడు ఆ ఒక్క పగులు తాగేసినట్టే. మరో విధంగా చూడండి. మీ బోరు 200 లీటర్ల డ్రమ్మును నిమిషంలో నింపుతుందనుకుందాం. గంటకు 12,000 లీటర్లు. అందులో 1,500 అంటే ఎనిమిదో వంతు. రోజుకు 8 గంటలు మోటారు నడిపితే అందులో ఒక గంట పగులు కోసమే నడిపినట్టు. 60 డ్రమ్ముల నీళ్ళు! 5 హెచ్.పి. మోటారుకు ఆ ఒక్క గంటకే నాలుగైదు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.

దీనికి భిన్నంగా, స్టార్టరు పక్కన వాల్వు దగ్గర టపటపా చుక్కలు పడుతుంటాయి. అది కంట్లో పడుతుంది, మనసుకు బాధ కలుగుతుంది. సెకనుకు ఒక చుక్క చొప్పున లెక్క వేస్తే రోజంతా పడినా అది నాలుగు లీటర్ల పైచిలుకు మాత్రమే. దానినీ బాగుచేసుకోవలసిందే. కాని ముందుగా చేయవలసిన పని ఏది, తరువాత చేయవలసిన పని ఏది అన్నది కన్ను చెప్పలేదు, లెక్క చెబుతుంది. కనిపించే చుక్క చిన్నది. కనిపించని పగులు పెద్దది.

ఒత్తిడి కిలో కాకపోతే ఎట్లా? గుండ్రని చిల్లికి ఒత్తిడి నాలుగింతలైతే నీళ్ళు రెండింతలవుతవి. ఒత్తిడి రెండింతలైతే నీళ్ళు ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువ, అంటే 1.4 రెట్లు. మూడింతలైతే 1.7 రెట్లు. పావు కిలోయే ఉంటే సగం. కాబట్టి 2 కిలోల ఒత్తిడిలో చదరపు మిల్లీమీటరుకు గంటకు 30 కాదు, 42 లీటర్లు లెక్క వేసుకోవాలి.

కాని పగులు విషయంలో ఇది చాలదు. ఇనుప పైపుకు పడిన చిల్లి ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది. ప్లాస్టిక్ పైపుకు పొడుగునా పడిన పగులు అట్లా ఉండదు. పెదవుల మాదిరిగా ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. ఈ సంగతిని లెక్కలోకి తెచ్చే పద్ధతిని 1994లో జాన్ మే అనే ఆయన వివరించాడు. దాని ప్రకారం ఇట్లాంటి పగులుకు ఒత్తిడి రెట్టింపైతే నీళ్ళు 1.4 రెట్లతో ఆగక 2.8 రెట్ల వరకు పెరగవచ్చు. ఒత్తిడి నాలుగింతలైతే రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్ల దాకా పోవచ్చు. మన పొలాలలో ఉన్నవి ఎక్కువగా పి.వి.సి. పైపులే కాబట్టి ఇది మనకు బాగా వర్తిస్తుంది.

అందుచేత మోటారు ఆపి, పగులు వెడల్పు కొలిచి "ఇంతేగా" అనుకోవద్దు. ఆగి ఉన్న పైపులో పగులు మూసుకొని ఉంటుంది. ఆ కొలత అసలుకంటె తక్కువ చూపుతుంది. వెడల్పు అంచనా వేయడానికి ఒక చిట్కా ఉన్నది. గడ్డం గీసుకునే బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. ఇనుము కోసే రంపం బ్లేడు మందం 0.6 మిల్లీమీటరు. పగులులోకి ఏది దూరుతుందో చూస్తే ఉరామరిగా వెడల్పు తెలుస్తుంది. ఇక వెంట్రుక వంటి సన్నని నెర్ర అయితే, నీరు దాని అంచులను రాసుకుంటూ పోవలసి వస్తుంది గనుక మన సూత్రం చెప్పినదానికంటె తక్కువే కారుతుంది. పైపు చుట్టూ బిగుసుకున్న మట్టి కూడా కొంత అడ్డుపడుతుంది. కనుక సూత్రం వల్ల వచ్చే అంకెను అంచనాగానే తీసుకోండి.

నిజమైన అంకె కావాలంటే కొలవడమే మార్గం. పగులు కనబడిన చోట పైపు కింద ఒక గుంత తవ్వి అందులో బకెట్టు పెట్టండి. తవ్వేటప్పుడు మోటారు ఆపాలి, కరెంటు తీగె ఎటు పోతున్నదో చూసుకోవాలి. నీరు చిమ్మి చెదిరిపోకుండా పైపుకు వదులుగా గోనెపట్టా చుట్టండి. నీరంతా పట్టా వెంట జారి బకెట్టులో పడుతుంది. బిగించి కట్టవద్దు, బిగిస్తే కారడమే తగ్గుతుంది. తరువాత మోటారు వేసి, ఒత్తిడి మామూలుకు వచ్చాక గడియారం చూడండి. 15 లీటర్ల బకెట్టు 36 సెకన్లలో నిండితే నిమిషానికి 25 లీటర్లు, గంటకు 1,500 లీటర్లు అన్నమాట.

పగులు ఎక్కడున్నదో తెలియకపోతే ఏం చేయాలి? పైపు కంటె ఎత్తున నీటి తొట్టి ఉన్నవారికి ఒక చక్కని మార్గం కలదు. తొట్టి నింపి, పైపు చివరి వాల్వులన్నీ మూసి, తొట్టి వాల్వు మాత్రం తెరిచి ఉంచండి. తొట్టిలో నీటిమట్టం దగ్గర బొగ్గుతో గీత గీయండి. గంట తరువాత చూడండి. 2 మీటర్ల పొడుగు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు గల తొట్టిలో మట్టం ఒక సెంటీమీటరు దిగితే 30 లీటర్లు పోయినట్టు. 4 సెంటీమీటర్లు దిగితే 120 లీటర్లు. ఈ పని ఎండలో కాక చీకటి పడ్డాక చేస్తే ఆవిరి నష్టం లెక్కలో కలవదు. తొట్టికే నెర్రెలు ఉన్నవేమో తెలుసుకోవడానికి, తొట్టి వాల్వు కూడా మూసి ఇంకో గంట చూడండి. అప్పుడూ మట్టం దిగితే దోషం తొట్టిలో ఉన్నట్టు.

ఇక్కడ ఒక సవరణ చేసుకోవాలి. తొట్టి 5 మీటర్ల ఎత్తులో ఉంటే పైపులో ఒత్తిడి అర కిలోయే. మోటారు నడిచేటప్పుడు 2 కిలోలు ఉంటుందనుకుందాం. అంటే నాలుగింతలు. కాబట్టి గంటకు 120 లీటర్లు కారిన ఆ పైపు మోటారు నడిచేటప్పుడు 240 లీటర్లకు తక్కువ కారదు. అది పొడుగు పగులైతే 960 లీటర్ల దాకా పోవచ్చు. తొట్టి పరీక్షలో తక్కువ నీరు పోయిందని నిశ్చింతగా కూర్చోవద్దని చెప్పడానికే ఈ వివరం.

తొట్టి లేనివారు గేజి సాయంతో చూడవచ్చు. కాని ఒక ముఖ్యమైన హెచ్చరిక. బోరు మోటారు నడుస్తుండగా చివరి వాల్వు పూర్తిగా మూయవద్దు. లోతు బోరుకు వేసిన మోటారు తన పూర్తి బలంతో తోస్తే 4 కిలోల పైపు అక్కడికక్కడే పగులుతుంది. నీరు పక్కకు పోయే వాల్వు ఒకటి తెరిచి ఉంచి, ఒత్తిడి మామూలుగా ఉండేటట్టు చూసుకొని, చివరి వాల్వును మెల్లగా మూయాలి. ఆ తరువాత మోటారు వైపు వాల్వు మూసి, మోటారు ఆపాలి. పక్క వాల్వు మాత్రం మోటారుకు, మోటారు వైపు వాల్వుకు మధ్యనే ఉండాలి. ఇప్పుడు పైపులో నీరు బందీ అయింది. గేజి ముల్లు నిలకడగా ఉంటే పైపు గట్టిది. నిమిషాలలో పడిపోతే కారుతున్నది. ప్లంబర్ల దగ్గర చేతితో కొట్టే పరీక్ష పంపు ఉంటుంది. పడిపోయిన ఒత్తిడిని మళ్ళీ నిలబెట్టడానికి గంటలో ఎన్ని లీటర్లు ఎక్కించవలసి వచ్చిందో అదే గంటకు కారే నీరు.

తరువాత చోటు కనిపెట్టాలి. పైపు దారి వెంట నడవండి. చుట్టూ ఎండి ఉన్నా ఒక్కచోట తుంగ పచ్చగా ఉన్నదా? నేల కుంగిందా? కాలు పెడితే మెత్తగా ఉన్నదా? అనుమానం ఉన్నచోట గునపాన్ని పైపు పై మట్టిలో మెల్లగా దింపి, పై కొసకు చెవి ఆనించి వినండి. కారే చోట బుసబుసమని శబ్దం వస్తుంది. రాత్రివేళ బాగా వినబడుతుంది. పొడుగైన లైను ఉన్నవారు మధ్యలో ఒకటి రెండు వాల్వులు పెట్టుకుంటే ఏ ముక్కలో కారుతున్నదో విడివిడిగా తేలుతుంది. మోటారుకు దగ్గరలోను, పైపు పల్లంలోకి దిగే చోట్లలోను ముందు వెతకండి. అక్కడ ఒత్తిడి ఎక్కువ. అదే పగులు కొసకు ఉంటే తక్కువ, మొదట ఉంటే ఎక్కువ కారుతుంది.

పగులు వల్ల నీరు పోవడమే కాదు, మురికి లోపలికి వస్తుంది. మోటారు ఆగినప్పుడు పైపులోని నీరు పల్లానికి జారిపోతూ వెనుక ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు పగులు గాలిని, బురదను లోపలికి పీలుస్తుంది. మరునాడు ఆ మట్టి డ్రిప్పర్లను పూడుస్తుంది. తాగునీటి పైపుకైతే ఇంకా ప్రమాదం. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపులు మన ఊళ్ళ వెంట పోతున్నవి. ఆ పైపు కారే గుంతలో బట్టలు ఉతికినా, పశువులను కడిగినా, నీటి సరఫరా ఆగినప్పుడు ఆ మురికే పైపులోకి పోయి మన పిల్లల బిందెలలోకి వస్తుంది. అట్లాంటి లీకు కనబడితే గ్రామ పంచాయతీకి వెంటనే చెప్పండి. గోదావరి నీటిని ఎత్తి ధర్మసాగర్ వైపు తెచ్చే దేవాదుల పెద్ద గొట్టాల దగ్గర లీకు కనిపించినా అంతే. దగ్గరకు పోవద్దు. అధికారులకు కబురు చేయండి. అంత పెద్ద గొట్టంలోని ఒత్తిడి మనిషిని ఎత్తి పారవేస్తుంది.

ఇక మరమ్మతు. పగిలిన పి.వి.సి. పైపుకు సైకిలు ట్యూబు చుట్టి కట్టడం మన అలవాటు. ఆ పూట గడవడానికి అది మంచిదే. దానినే శాశ్వత మరమ్మతు అనుకోరాదు. పొడుగు పగులు ట్యూబు కింద కూడా పాకుతూనే ఉంటుంది. పగులు కనబడే కొసలకు రెండు వైపులా అర అడుగు చొప్పున వదిలి పైపును కోసి తీసివేయండి. అదే కొలత, అదే ఒత్తిడి తరగతి గల కొత్త ముక్కను కప్లర్లతో అతికించండి. అతికించే ముందు తడి, దుమ్ము తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ సమంగా పూయాలి. వీలైతే ఒక రోజంతా ఆరనిచ్చి ఆ తరువాతే మోటారు వేయండి. ఆత్రపడి గంటలో నీరు వదిలితే అతుకు ఊడిపోతుంది.

పగుళ్ళు రాకుండా చూసుకోవడం అన్నిటికంటె మేలు. పైపు మీద ఎన్ని కిలోలు తట్టుకుంటుందో ముద్రించి ఉంటుంది. 2.5, 4, 6, 8, 10 కిలోల తరగతులు దొరుకుతవి. చౌక అని తక్కువ తరగతిది కొనవద్దు. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు పైపులోని నీరు వెనక్కి వచ్చి సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. దానికి మోటారు దగ్గర నీటిని వెనక్కి రానివ్వని వాల్వు, మిట్ట మీద గాలి వాల్వు పెట్టించండి. చివరి వాల్వులు ఎప్పుడూ మెల్లగా తిప్పండి. పైపును రెండు మూడడుగుల లోతున పూడ్చండి. ఎండలో పడి ఉన్న పి.వి.సి. పెళుసెక్కుతుంది. నల్లరేగడి నేల ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే ఉబ్బి పైపు అతుకులను లాగుతుంది గనుక రేగడిలో పైపు చుట్టూ మెత్తని ఇసుక గాని, జల్లించిన మొరం గాని పోయడం మంచిది. ఆటో స్టార్టరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అర్ధరాత్రి కరెంటు వస్తే మోటారు దానంతట అదే లేస్తుంది. తెల్లవారేదాకా పగులు తాగుతూనే ఉంటుంది, చూసే దిక్కు ఉండదు.

సోదరులారా, చెప్పినదంతా మూడు ముక్కలలో గుర్తుంచుకోండి. కిలో ఒత్తిడిలో చదరపు మిల్లీమీటరుకు గంటకు 30 లీటర్లు. ఒత్తిడి పెరిగితే పగులు కూడా పెరుగుతుంది. ఎక్కువ తాగే పగులుకు ముందు మరమ్మతు. వానాకాలం పంట చేతికి వచ్చి యాసంగికి దుక్కులు మొదలయ్యే ముందు, ఏడాదికి ఒక్కసారి, ఒక సాయంత్రం ఈ పరీక్షకు కేటాయించండి. వచ్చిన అంకెను గోడ మీద తేదీతో సహా రాసి పెట్టండి. వచ్చే ఏడాది అంకెతో పోల్చి చూడండి. అప్పటికీ కొసకు నీరు అందకపోతే, పైపు గట్టిగానే ఉన్నదని తేలితే, అప్పుడు బోరు సంగతి ఆలోచించవచ్చు. అనుమానం ఉన్నవారు మీ మండల వ్యవసాయాధికారిని గాని, గ్రామంలోని విస్తరణాధికారిని గాని అడగండి. గేజి ఎట్లా బిగించాలో, లెక్క ఎట్లా వేయాలో దగ్గరుండి చూపుతారు.